హిమబిందు కుండలోని చీటీలు

ఆ శనివారం ఉదయం పాచిక అనే యంత్రం రేపటి రోజును వెయ్యిసార్లు జరిపించే పనిలో ఉంది. సగానికి పైగా రేపులు అప్పటికే అయిపోయాయి. గోడంత తెర మీద నీలగుట్ట నగరం చిన్న చిన్న దీపాలుగా పరుచుకుని ఉంది. నీళ్ళందిన ఇల్లు నీలంగా వెలుగుతుంది, అందనిది ఎర్రగా. ఒక రేపట్లో చేపల మార్కెట్ వీధి ఎర్రబడితే, ఇంకో రేపట్లో అది నీలంగానే ఉండి ఆసుపత్రి గుట్ట ఎర్రబడుతుంది. యంత్రం దేనికీ బాధపడదు. వెయ్యీ అయ్యాక, అన్నిటికన్నా తక్కువ ఎరుపు మిగిల్చే ఏర్పాటేదో చెప్పి ఊరుకుంటుంది. మర్నాడు నగరం దాని ప్రకారం నడుస్తుంది.

నీలగుట్టకు నది లేదు. సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసి గుట్టల మీదికి ఎక్కిస్తారు. అందరికీ ఒకేసారి వదిలేంత నీళ్ళుండవు కనుక ఇంటికి రోజుకొక్కసారి వస్తాయి. ఏ వేళకు వస్తాయో ఏ రోజుకారోజు మారుతుంది. అరగంట ముందు ఫోను మోగుతుంది. కుళాయి పక్కన ఒక గాజు పలక ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా దాని మీద బొటనవేలు నొక్కితేనే నీళ్ళు. నొక్కే మనిషి లేకపోతే ఆ ఇంటి వాటా పక్కింటికి పోతుంది. నీళ్ళ దొంగల్ని అరికట్టడానికి పెట్టిన పద్ధతి ఇది. దొంగలు నిజంగానే తగ్గారు. దొంగలతోపాటు ఇంకెవరి కాళ్ళకు సంకెళ్ళు పడ్డాయో మాత్రం ఎవరూ చూడలేదు.

పాచికను తయారుచేసినవాడు డాక్టర్ దివాకర్. నెమ్మదైన మనిషి, పెళ్ళి చేసుకోలేదు. యంత్రం ఉన్న ఇన్‌స్టిట్యూట్‌లోనే స్నానం, క్యాంటీన్‌లోనే భోజనం. అందువల్ల నగరంలోని కుళాయిలన్నిటి సంగతీ ఆయనకు తెలుసు, తన ఇంటి కుళాయి సంగతి తప్ప. శనివారాల్లో ఎవరైనా వచ్చి యంత్రాన్ని చూడొచ్చు, ప్రశ్నలడగొచ్చు. ఆ రోజు ఒక స్కూలు పిల్లలు వచ్చారు. వాళ్ళ వెనక, రోప్‌వే శిక్షణ కేంద్రం ఇచ్చే బూడిదరంగు కోటు వేసుకుని ఒకామె నిలబడి ఉంది.

"రేపేం జరుగుతుందో దీనికెలా తెలుసు సార్?" ఒక పిల్ల అడిగింది.

"తెలియదమ్మా. తెలియదు కాబట్టే వెయ్యిసార్లు ఆడి చూస్తుంది. మీ వీధికి పాలబండి ఎన్నింటికొస్తుంది?"

"ఆరింటికి. ఒక్కోసారి ఆరున్నర. వానొస్తే ఏడు."

"ఒక ఏడాది పాటు చూసి, ఏ రోజు ఎప్పుడొచ్చిందో ఒక్కో చీటీ మీద రాశామనుకో. అన్నీ కుండలో వేసి కలిపి, కళ్ళు మూసుకుని ఒకటి తీశావు. అదే రేపటి పాలబండి. ఆరు అని రాసిన చీటీలు ఎక్కువ కాబట్టి ఎక్కువసార్లు ఆరే వస్తుంది. ఎప్పుడో ఒకసారి ఏడు. ఆ కుండనే మేం ప్రాబబిలిటీ డిస్ట్రిబ్యూషన్ అంటాం."

"ఇందులో కుండలున్నాయా సార్?"

దివాకర్ నవ్వాడు. "లేవు. ప్రతి కుండనీ యంత్రం మెట్ల వరసగా గుర్తుపెట్టుకుంటుంది. చీటీలు ఎక్కువున్న గంట దగ్గర ఎత్తు మెట్టు, తక్కువున్న చోట పొట్టి మెట్టు. మెట్లన్నీ కలిపితే ఎత్తు సరిగ్గా ఒకటి. యంత్రం సున్నాకీ ఒకటికీ మధ్య ఏదో ఒక ర్యాండమ్ నంబర్ తీసుకుంటుంది. అంత ఎత్తున ఏ మెట్టు తగిలితే ఆ గంట. ఎత్తు మెట్టు తరచుగా తగులుతుంది. ఇంతకుమించి రహస్యమేమీ లేదు."

వెనక నిలబడ్డ ఆమె చెయ్యెత్తింది. "సార్, మా ఇంటి కుండ చూపిస్తారా? నా పేరు హిమబిందు. చేపల మార్కెట్ వెనక మూడో వీధి."

దివాకర్ మీటలు నొక్కాడు. తెర మీద ఆ వీధి మెట్లు ఒక్కొక్కటే వచ్చాయి. పాలబండికి ఒక వరస. పైపులో ఒత్తిడికి ఒక వరస. వీధి మలుపులో కుక్కలు అడ్డంగా పడుకుని మరమ్మతు బండిని ఆపేసే వేళలకు కూడా ఒక చక్కటి వరస, చిన్నా పెద్దా మెట్లతో. పిల్లలు కిలకిల్లాడారు. చివరికి 'వేలు నొక్కే మనిషి: హిమబిందు' అని వచ్చింది. దాని కింద మెట్లు లేవు. నిటారుగా ఒక గోడ ఉంది.

"ఇదేంటి సార్?"

"అది స్థిరాంకం అండీ. ఆ కుండలో చీటీలన్నిటి మీదా ఒకే మాట. 'ఇంట్లో ఉంది' అని."

"అన్నిటి మీదా?"

"ఎన్ని తీసినా అదే వస్తుంది. అందుకని యంత్రం అసలు తియ్యనే తియ్యదు. నేరుగా ముందుకు పోతుంది."

"కుక్కకి మెట్లున్నాయి. నాకు లేవు."

దివాకర్ ఇబ్బంది పడ్డాడు. "సర్వేలో వచ్చిన జవాబు అండీ. నీళ్ళు వదిలినప్పుడు ఇంట్లో ఎవరుంటారని అడిగారు. మీ ఇంటి పెద్ద పరాంకుశం గారు, 'కోడలుంటుంది, మీ వీలునిబట్టి వదలండి' అన్నారట. మీ ఇంట్లోనే కాదు, దాదాపు అన్ని ఇళ్ళలోనూ ఇదే జవాబు. నిజం చెప్పాలంటే పాచిక ఇంత వేగంగా పనిచేసేది అందువల్లే. ఇన్ని ఇళ్ళకు ఇన్ని మెట్లు ఎక్కాల్సివస్తే వెయ్యి రేపులు ఒక్క పూటలో అయ్యేవి కావు."

ఈ యంత్రం వేగానికి ఆయనకు ఢిల్లీలో సన్మానం జరిగింది. ఆ వేగం ఎవరి కాళ్ళు కదలకుండా ఉండటం వల్ల వచ్చిందో సన్మానపత్రంలో రాయలేదు.

అప్పుడే హిమబిందు చేతిలో ఫోను మోగింది. చూసుకుని ఆమె నీరసంగా నవ్వింది. "మీరే పిలుస్తున్నారు సార్. అరగంటలో నీళ్ళట. అరగంటలోనే నాకు క్లాసు కూడా. రోప్‌వే బండి నడపడం నేర్చుకుంటున్నాను. మీ పిలుపులకు పరిగెత్తి చాలా క్లాసులు పోగొట్టుకున్నాను. ఇంకొక్కటి మానేస్తే సీటు తీసేస్తామన్నారు."

"కానీ అండీ, రికార్డు చూస్తే మీరు ఒక్కసారి కూడా నొక్కకుండా లేరు. అంటే సర్వే నిజమనేగా?"

"పిలిస్తే పరిగెత్తుకొచ్చి నొక్కాను సార్. దంతాల డాక్టరు కుర్చీలోంచి లేచొచ్చాను. మా అమ్మ పెద్దకర్మ రోజున విస్తరి ముందునుంచి లేచొచ్చాను. నేను ఇంట్లో ఉంటానని మీ యంత్రం అనుకుంది. అది అనుకుంది కాబట్టి ఉన్నాను. అది చూసి మళ్ళీ అది నిజమే అనుకుంది."

దివాకర్ తెర మీది గోడ వైపు మళ్ళీ చూశాడు.

"ఇంట్లో ఇంకెవరూ లేరా?" అడిగాడు.

"ఉన్నారు. వినండి." ఆమె ఫోను చేసి, గొంతు అందరికీ వినబడేలా పెట్టింది. "మామయ్యా, నీళ్ళొస్తాయట. కాస్త కుళాయి దగ్గరికెళ్ళి వేలు నొక్కుతారా?"

"ఇప్పుడా?" పరాంకుశం గొంతు. "చదరంగంలో సత్తిబాబు రాజుని ఇరికించానమ్మా. ఇప్పుడు లేస్తే వాడు ఏనుగుని జరిపేస్తాడు."

"కుళాయి మీ కుర్చీ పక్కనే కదా మామయ్యా."

"పక్కనే అనుకో. అయినా అలవాటు లేని పని. నువ్వు వచ్చెయ్యి, ఎంతసేపు!"

స్కూలు పిల్లలు ఈసారి నవ్వలేదు. హిమబిందు ఫోను జేబులో పెట్టుకుంది. "ఇవాళ్టికి నా కుండలో 'ఇంట్లో లేదు' అని ఒక చీటీ వేసుకోండి సార్. నేను క్లాసుకెళ్తున్నాను."

ఆ రోజు ఆ ఇంటి వాటా పక్కింటికి పోయింది. సాయంత్రం పరాంకుశం స్నానం లేకుండా భోజనానికి కూచుని, ఇల్లు ఇల్లులా లేదన్నాడు. కొడుకు వంశీ తలూపాడు. వంశీకి తలూపడం బాగా వచ్చు.

దివాకర్ నిజాయితీపరుడు. తన లెక్కలో తప్పుందని ఎవరైనా చూపిస్తే పంతానికి పోకుండా లెక్కను విప్పి చూసుకునే రకం. ఇలాంటివాళ్ళు శాస్త్రజ్ఞుల్లో కొందరుంటారు, మొగుళ్ళలో ఇంకా తక్కువ. మళ్ళీ సర్వే పెట్టించాడు. ఈసారి ఇంటి పెద్దను అడగలేదు. ఇంట్లో పెద్దవాళ్ళందరి మణికట్టుకూ ఒక పట్టీ ఇచ్చాడు. కుళాయికి దగ్గరగా ఉన్నదీ లేనిదీ మాత్రమే ఆ పట్టీ చెబుతుంది. ఆ కొద్దికాలం నీళ్ళు ఉదయం ఒకే వేళకు వదిలారు. పిలుపుల కోసం ఎవరూ పరిగెత్తక్కర్లేదు.

అప్పుడొచ్చాయి అసలు మెట్లు. దివాకర్ వాటిని తెర మీద పక్కపక్కన పెట్టి చూశాడు.

మగవాళ్ళ మెట్లు ముచ్చటగా ఉన్నాయి. ఆఫీసువాళ్ళు వెళ్ళే వేళ, వచ్చే వేళ, అన్నీ కొలిచినట్టు ఉన్నాయి. రిటైరైనవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. పరాంకుశం పదకొండు గంటలకు వరండా కుర్చీలో లేని రోజంటూ లేదు. చిందరవందరగా ఉన్నవి ఆడవాళ్ళ మెట్లు. ఏ గంట దగ్గరా ఎత్తు మెట్టు లేదు. దివాకర్ మొదట పట్టీలు పాడయ్యాయనుకున్నాడు. తర్వాత అర్థమైంది. పిల్లాడికి జ్వరం ఎప్పుడొస్తుందో తెలియదు, ఆ రోజు వాడిని తీసుకెళ్ళేది ఆమె. అత్తగారి కళ్ళ డాక్టరు ఎప్పుడు రమ్మంటాడో తెలియదు, తోడు వెళ్ళేది ఆమె. మొగుడు తాళాలు ఏ రోజు ఇంట్లో మరిచిపోతాడో తెలియదు, పట్టుకెళ్ళి ఇచ్చేది ఆమె. ఇంట్లో ప్రతివాళ్ళ అనిశ్చితీ వచ్చి ఆమె కుండలో పడుతోంది. అందుకే మిగతావాళ్ళవి అంత పొందికగా ఉన్నాయి. గణితంలో దీనికి సూత్రం ఉంది. అనిశ్చితులు కలిసినప్పుడు కూడుకుంటాయి. ఆ సూత్రాన్ని ఏళ్ళ తరబడి పాఠంగా చెప్పిన దివాకర్‌కు, అది ఒక మనిషి రోజు కూడా కాగలదని తట్టలేదు.

నగరం అంతటా ఎక్కువ కదిలే మనుషుల్నే అసలు కదలని మనుషులుగా రాసుకుంది పాచిక.

కొత్త నియమం చాలా మామూలుగా ఉంది. ఇంట్లో ఎవరు ఏ గంటకు తప్పకుండా దొరుకుతారో ఆ గంటకే నీళ్ళు, ఆ మనిషికే ఫోను. ఆడా మగా తేడా యంత్రానికి చెప్పలేదు. మణికట్టు పట్టీలనుబట్టి వారం వారం మెట్లను మళ్ళీ చూసుకుంటుంది. చూసుకుని, మూడో వీధిలో పదకొండు గంటలకు పరాంకుశానికి ఫోను చేసింది.

మర్నాడే పరాంకుశం, ఆయన చదరంగం మిత్రుడు సత్తిబాబు, వెనక మరికొందరు పెద్దమనుషులు ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కారు.

"మీ మిషను చెడిపోయిందయ్యా," అన్నాడు సత్తిబాబు. "మగాళ్ళకి ఫోన్లు చేస్తోంది."

"చెడిపోలేదండీ. మీరు ఆ వేళకు తప్పకుండా ఇంట్లో ఉంటారు కనుక చేస్తోంది."

"ఉంటే మాత్రం?" పరాంకుశం కుర్చీ లాక్కున్నాడు. "ముప్పయ్యేళ్ళు ఉద్యోగం చేసి కూచున్నాను. ఇప్పుడు గంట కొట్టగానే లేచి కుళాయి దగ్గర నిలబడాలా? మనిషన్నాక స్వేచ్ఛ ఉండొద్దూ? నాకేదైనా పనుండొచ్చు. ఎక్కడికైనా వెళ్ళాలనిపించొచ్చు."

"ఎక్కడికండీ?"

"ఎక్కడికో ఒక చోటికి! అది మీకెందుకు? అసలు ఒక మనిషి ఫలానా గంటకు ఫలానా చోట పడుంటాడని ముందే అనుకోవడం ఎంత అవమానం!"

దివాకర్ ఆయన్ని ఆసక్తిగా చూశాడు. "ఈ మాట మీ కోడలు గారు కూడా అన్నారు."

"దానికీ దీనికీ పోలికేంటి?" అన్నాడు సత్తిబాబు. తర్వాత అసలు ప్రశ్న వేశాడు. "సరే గానీ, ఆ వేళకు మేం ఇంట్లో లేకపోతే?"

"కొన్నాళ్ళపాటు లేకపోతే మీ మెట్లు చెదిరిపోతాయి. యంత్రం మిమ్మల్ని పిలవదు."

సత్తిబాబు పరాంకుశం వైపు చూశాడు. అందరూ నమస్కారం పెట్టి, వచ్చినదానికన్నా చురుగ్గా దిగి వెళ్ళారు.

ఆ వారంనుంచి నీలగుట్టలో ఒక వింత మొదలైంది. వరండా కుర్చీలు ఖాళీ అయ్యాయి. పెద్దమనుషులు వేళాపాళా లేకుండా నడకకు బయల్దేరారు. ఒకరోజు పొద్దున్నే టీ, ఒకరోజు మధ్యాహ్నం టీ, అదీ ఒక్కోసారి ఒక్కో కొట్టు. ఆఫీసుల్లో వాళ్ళు సాయంత్రం ఫైళ్ళు ముందేసుకుని కూచోవడం నేర్చారు. వంశీ కూడా నేర్చాడు. పరాంకుశం ఏ పనీ లేకుండా రోప్‌వే ఎక్కి ఈ గుట్ట నుంచి ఆ గుట్టకు, ఆ గుట్ట నుంచి ఈ గుట్టకు తిరిగాడు. సత్తిబాబు జేబులో నిజం పాచికలు పెట్టుకుని, ఎంత పడితే అంత దూరం నడిచేవాడు. తెర మీద మగవాళ్ళ మెట్లు రోజురోజుకీ అరిగిపోయి చదునయ్యాయి.

ఈలోగా హిమబిందు క్లాసులన్నిటికీ వెళ్ళింది. తొమ్మిదింటికి బయల్దేరి నాలుగింటికి ఇల్లు చేరేది. పాచిక వారం వారం చూసింది. ఆ ఇంట్లో ఇప్పుడు వేళకు దొరికే మనిషి ఆమె ఒక్కతే. నాలుగున్నరకు ఆమె ఫోను మోగింది.

పరీక్ష ముగిసింది, హిమబిందు పాసైంది. రోప్‌వేలో డ్రైవర్ల డ్యూటీలు చీటీ వేసి పంచుతారు. తెల్లవారుజామైనా, సాయంత్రమైనా ఎవరికేది పడితే అది. ఆ చీటీ వద్దనుకున్నవాళ్ళకు డ్రైవింగ్ క్యాబిన్ ఉండదు, టికెట్ కౌంటర్‌లో కూచోవాలి.

"కౌంటరైతేనేం?" అన్నాడు వంశీ. "అదీ ఉద్యోగమే కదా. నాలుగున్నరకు ఇంట్లో ఉండొచ్చు."

"నువ్వు ఉండొచ్చుగా?"

"నా సంగతి తెలుసుగా. నా వేళలకు ఒక పద్ధతి లేదు."

"ఈ మధ్యే పోయింది పద్ధతి," అంది ఆమె.

మళ్ళీ శనివారం ఆమె ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళింది. దివాకర్ ఆమెను చూడగానే తలదించుకున్నాడు. "యంత్రం అబద్ధం చెప్పడం లేదండీ. వాళ్ళు తిరుగుతున్నారు. మీరు వేళకు వస్తున్నారు. మీ ఇంట్లో నమ్మదగిన మనిషి మీరే."

"నమ్మదగిన మనిషికి మీరిచ్చే బహుమతి ఇదా సార్?"

"నేను నియమం మార్చి మీ పేరు తీసేయొచ్చు. కానీ అప్పుడు మీ ఇంటికి వేలు నొక్కే మనిషి ఉండరు. నీళ్ళుండవు. మీ మామగారు పెద్దవారు..."

"ఆయన రోజూ మూడు గుట్టలు ఎక్కిదిగుతున్నారు సార్."

దివాకర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. తర్వాత గంభీరంగా అడిగాడు. "ఏం చేస్తారు?"

"చీటీ తీస్తాను. ఏ డ్యూటీ పడితే అది. ఇన్నాళ్ళూ అందరి చీటీలూ నా కుండలో పడ్డాయి. ఒక్క చీటీ నాకోసం తీసుకుంటాను. మీరు నియమం మార్చక్కర్లేదు, పేరు కూడా తియ్యక్కర్లేదు. మీ యంత్రం చూసుకుంటుంది."

యంత్రం చూసుకుంది. కొద్ది వారాల్లో ఆ ఇంట్లో ముగ్గురి మెట్లూ చదునైపోయాయి. నమ్మదగిన మనిషి లేని ఇంటికి నీళ్ళు వదలడం దండగని పాచిక తేల్చింది. ఆ వాటా పక్కింటికి పోయింది. వంశీ పక్కింటినుంచి బిందెలు మోశాడు. మొదటి రోజు మెట్ల మీద సగం ఒలికింది. పక్కింటావిడ రోజూ నవ్వుతూనే ఇచ్చింది గానీ, ఆ నవ్వు రోజురోజుకీ పొట్టిదైంది. పరాంకుశం కోడలితో తిన్నగా ఏమీ అనలేక గోడకు చెప్పాడు. "ఈ ఇంట్లో నీళ్ళ సంగతి పట్టించుకునేవాళ్ళే లేరు."

"అవును మామయ్యా, ముగ్గురం ఉండీ ఎవరూ లేరు," అని గోడ బదులు హిమబిందే జవాబిచ్చి డ్యూటీకి వెళ్ళిపోయింది.

చివరికి ఒకరోజు పరాంకుశం ఒంటరిగా దివాకర్ దగ్గరికొచ్చాడు. "నన్ను మళ్ళీ పిలవమని చెప్పవయ్యా మీ మిషనుకి. పదకొండింటికి ఉంటాను."

"నేను చెబితే వినదండీ. మాట మీద నమ్మడం మానేసింది. అలా నమ్మే కదా మొదట తప్పు జరిగింది. రోజూ ఆ వేళకు మీరు ఇంట్లో ఉండాలి. ఒక నెల అలా చూస్తే నమ్ముతుంది. మధ్యలో ఒక్కరోజు తప్పినా మళ్ళీ మొదటినుంచి."

పరాంకుశం ఇంటికొచ్చి వరండా కుర్చీలో కూచున్నాడు. పదింటికే కూచునేవాడు, ఎందుకైనా మంచిదని. నీళ్ళు రావు, ఫోను మోగదు, అయినా కూచోవాలి. చెల్లెలి మనవడి బారసాలకు వెళ్ళలేదు. పింఛను ఆఫీసువాళ్ళు ఉదయం రమ్మంటే మధ్యాహ్నం వెళ్ళి మాటలు పడ్డాడు. కళ్ళజోడు విరిగితే వంశీ తెచ్చేదాకా పేపరు చదవలేదు. ఎవరైనా "ఇంట్లో ఖాళీగానే ఉన్నారుగా?" అంటే ఆయనకు ఒళ్ళు మండేది.

నెల పూర్తి కావస్తుండగా ఒక ఉదయం సత్తిబాబు రొప్పుకుంటూ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని ఉన్నాడు.

"ఒరేయ్, ఇంకా లుంగీలోనే ఉన్నావా? లే! సముద్రం దాకా కొత్త లైను ఇవాళే మొదలు. మొదటి బండి మీ కోడలిదేనట. వీధి వీధంతా వెళ్తోంది."

"తెలుసురా. నిన్న చెప్పింది." పరాంకుశం కొంచెం ఆగాడు. "చీటీ వేస్తే తనకే పడిందట. తెల్లారగట్లే లేచి కోటు ఇస్త్రీ చేసుకుంది."

"మరి లే. పదకొండింటికి కదులుతుంది బండి."

పరాంకుశం గోడ గడియారం వైపు చూశాడు. తర్వాత కుళాయి పక్కన గాజు పలక వైపు చూశాడు. లేవబోయినవాడిలా రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి, మళ్ళీ వెనక్కి వాలాడు.

"ఎన్నింటికన్నావ్?"

"పదకొండు."

"అదొక్కటీ అయ్యే పని కాదురా. ఇంకో నాలుగు రోజులుంటే నన్ను నమ్ముతుంది. ఇవాళ లేచానంటే మళ్ళీ నెల."

"మిషనుకి భయపడుతున్నావా!"

"మిషనుకి కాదు. పక్కింటావిడ నవ్వుకి." పరాంకుశం వీధి చివరికి చూశాడు. అక్కడినుంచి రోప్‌వే తీగలు కనబడవు, ఎదురింటి మేడ అడ్డం. "నువ్వెళ్ళు. బాగా చూడు. మలుపు దగ్గర బండి ఊగుతుందేమో, తను ఎలా పట్టుకుందో అన్నీ వివరంగా చెప్పు. ఇక్కడినుంచే చెయ్యూపానని చెప్పు."

"చెబుతాలే. నువ్వెక్కడికీ పోకు."

"ఎక్కడికి పోతాను," అన్నాడు పరాంకుశం. "నేను ఇంట్లోనే ఉంటాను."